పగటివేషం నుంచి ప్రాంక్ వీడియో దాకా

మొన్న షార్ట్ ఫిల్మ్ కోసం మా ఫ్రెండ్స్ నలుగురం అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర ఒక పర్సు పడేసి, దూరం నుంచి ఫోన్‌లో షూట్ చేశాం. పేరు కూడా ముందే పెట్టుకున్నాం, ‘నిజాయితీ టెస్ట్’ అని. బస్తాలు మోసే ఒక తాత పర్సు చూసి, తీసుకుని, గబగబా వచ్చి మావాడి చేతిలో పెట్టాడు. మేం నవ్వుతూ కెమెరా చూపించాం. ఆయన నవ్వలేదు. “నన్ను దొంగోడనుకున్నారేటి బాబూ?” అని వెళ్లిపోయాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. జనానికి తెలియకుండా వాళ్లని కళలో పాత్రలు చెయ్యడం తప్పా? కాస్త చదివాను.

మన దగ్గర దీనికి పాత రూపం పగటివేషాలు. స్టేజీ ఉండదు, తెర ఉండదు. కళాకారులు పట్టపగలే ఫకీరు, బైరాగి, సోమయాజులు, పిట్టలదొర లాంటి వేషాల్లో వీధుల్లో తిరుగుతారు. కూచిపూడి కళాకారులు ఇందులో పేరు పొందారు. వేషం ఎంత బాగా కుదిరితే జనం అంత నమ్ముతారు. కానీ నమ్మినవాడు వేషగాడికి ఎదురుగానే ఉంటాడు. నచ్చితే సంభావన ఇస్తాడు, నచ్చకపోతే తిడతాడు. అంటే ఆఖరి మాట అతనిదే.

1970ల్లో బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్తో బోల్ దక్షిణ అమెరికాలో ‘అదృశ్య నాటకం’ చేయించాడు. నటుడు హోటల్లో భోంచేసి, డబ్బుల్లేవు, పనిచేసి తీరుస్తానంటాడు. ఏ పనికి ఎంత కూలి ఇస్తారని అడుగుతాడు. పక్కన తింటున్నవాళ్లు అది నాటకమని తెలియకుండానే వాదనలోకి దిగుతారు. తర్వాత కూడా వాళ్లకి చెప్పరు. అది నాకు నచ్చలేదు. కాకపోతే అక్కడ నిలదీసింది జనాన్ని కాదు, తక్కువ కూలిని.

ఇక మన కాలానికొస్తే ప్రాంక్. 2022లో ‘అశోకవనంలో అర్జున కళ్యాణం’ సినిమా ప్రచారం కోసం హైదరాబాద్‌లో నడిరోడ్డు మీద ఒకతను హీరో కారుకి అడ్డం పడుకుని గొడవ చేస్తున్నట్టు నటించాడు. దారినపోయేవాళ్లకి అది నటన అని తెలియదు. దాని మీద మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు వెళ్లింది.

పగటివేషం ఆ పూటతో అయిపోతుంది, వీడియో అయిపోదు. వ్యూస్ మనకి, తలవంపులు ఆయనకి. మనం రాసే చిన్న యాప్ కూడా కెమెరా వాడే ముందు పర్మిషన్ అడుగుతుంది. మేం ఆ తాతని అడగలేదు. పైగా పర్సు తిరిగిచ్చాడు కాబట్టి ఆయన్ని మంచోడిగానే చూపిస్తున్నాం కదా అనుకున్నాం. కానీ టెస్ట్ పెట్టామంటేనే అనుమానించామని అర్థం. ఆయన అడిగింది అదే.

మీరూ ఇలాంటివి తీస్తుంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. నిజం అక్కడికక్కడే చెప్తామా? వద్దంటే చెరిపేస్తామా? నవ్వు ఎవరి మీద?

“మొహం బ్లర్ చేస్తే చాల్లే” అన్నాడు మా ఎడిటర్. కానీ ఆ తలగుడ్డ, ఆ గొంతు మార్కెట్‌లో గుర్తుపట్టనివాళ్లుండరు. చివరికి క్లిప్ డిలీట్ చేశాం. ఆ సంగతి వెళ్లి ఆయనకి చెప్పాలి. ఇంకా వెళ్లలేదు. పర్సు పడేసినంత ఈజీగా లేదు ఈ పని.