యుక్కా, కిత్తనార, కలబంద: క్షేత్రస్థాయిలో గుర్తింపు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మెట్ట భూముల గట్లపైన, రైలు మార్గాల పక్కన కత్తివంటి ఆకులను గుత్తిగా పరచుకొని పెరిగే మొక్కలను చూచినపుడు, ఎడారి మొక్కయైన యుక్కాగా పొరబడే అవకాశం ఎక్కువ. యుక్కా ప్రజాతికి చెందిన 40కి పైగా జాతులు ఉత్తర, మధ్య అమెరికాలకు సహజమైనవి. వాటిలో ప్రసిద్ధమైన జాషువా చెట్టు మొజావే ఎడారిలో పెరుగుతుంది. సాలీనా 1,000 మి.మీ.కు పైగా వర్షం పడే మన ప్రాంతంలో యుక్కా ప్రధానంగా తోటల్లో, ఆవరణల్లో అలంకారం కొరకు నాటబడిన మొక్క. గట్లపై కనిపించేది సాధారణంగా కిత్తనార, అనగా అగేవ్. ఇది కూడ అమెరికా నుండి వచ్చినదే.

ఈ రెండింటిని వేరుచేయడం కేవలం నామకరణ సమస్య కాదు. వాడుకలో 'కలబంద' అనే పేరు అలోవెరాతో పాటు కిత్తనారకు కూడ వర్తిస్తున్నది. కిత్తనార రసంలో సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. దానిని కలబంద గుజ్జుగా భావించి చర్మానికి పూస్తే మంట, దద్దుర్లు, బొబ్బలు కలుగుతాయి. కావున ఛాయాచిత్రం మాత్రమే చూచి రైతుకు సలహా ఇవ్వడం ప్రమాదకరం.

పుష్ప లక్షణాలు: నిర్ధారణకు ప్రధాన ఆధారం అండాశయ స్థానం. పువ్వును నిలువుగా చీల్చి చూడవలెను. యుక్కాలో ఆరు తెల్లని పరిపత్రాలు గల పువ్వులు గంటలవలె కిందికి వ్రేలాడుతాయి; అండాశయం ఊర్ధ్వం, అనగా పరిపత్రాల మొదలుకు పైన ఉంటుంది. కిత్తనారలో పువ్వులు పసుపు–ఆకుపచ్చ రంగులో నిటారుగా నిలుస్తాయి. కేసరాలు వెలుపలికి పొడుచుకొని వస్తాయి. అండాశయం నిమ్నం, పరిపత్రాలకు కింద ఉబ్బి కనిపిస్తుంది. కిత్తనార పిలక ఒక్కసారి పుష్పించి చనిపోతుంది. యుక్కా మొక్క అనేక సంవత్సరాలు పుష్పించగలదు.

పత్ర లక్షణాలు: పువ్వు లేనపుడు ఆకు మందాన్ని, అంచును, కొనను కలిపి పరిశీలించవలెను. యుక్కా ఆకు పలుచన, తోలువలె బిరుసు. యుక్కా ఫిలమెంటోసాలో అంచు నుండి దారాలు విడివడుతాయి. యుక్కా అలోయిఫోలియాలో అంచు సన్నని రంపంవలె ఉంటుంది. అగేవ్ అమెరికానా ఆకు దళసరి, బూడిద–ఆకుపచ్చ, అంచున కొక్కేలవంటి ముళ్లు, కొనన గట్టి ముల్లు కలది. అగేవ్ సిసలానాలో ముదిరిన ఆకు అంచు నునుపు, కొనముల్లు మాత్రం ఉంటుంది. అలోవెరా ఆకును కోస్తే మొదట పసుపు రసం, లోపల నారలేని జిగురు గుజ్జు కనిపిస్తాయి. నార తీయుటకు వాడే చాగ ఆకులపై ముదురు, లేత ఆకుపచ్చ పట్టీలు ఉంటాయి.

వ్యాప్తి విధానం: యుక్కా జాతుల్లో అధికభాగం పరాగ సంపర్కానికి ప్రత్యేకమైన యుక్కా చిమ్మటపై ఆధారపడుతాయి. ఈ చిమ్మట మన దేశపు కీటకం కాదు. కనుక యుక్కా విత్తనాల ద్వారా అడవిలోకి వ్యాపించడం అరుదు. అగేవ్ సిసలానా మాత్రం పిలకల ద్వారాను, పూకాడపై ఏర్పడే లఘులశునాల ద్వారాను సులభంగా వ్యాపిస్తుంది. పూకాడపై చిన్న మొక్కలు కనిపిస్తే యుక్కా కాదని భావించవచ్చు. అయితే అదే లక్షణం గల ఫర్క్రియాను కూడ దృష్టిలో ఉంచుకొనవలెను. దాని పువ్వులు యుక్కావలె వ్రేలాడినను అండాశయం నిమ్నమే.

నమోదు: నమూనా సేకరించేవారు చేతి తొడుగులు ధరించి, రసం కంటికి తగలకుండ జాగ్రత్త వహించవలెను. మొత్తం మొక్క, ఆకు మొదలు, అంచు, కొన, చీల్చిన పువ్వు వేర్వేరుగా ఛాయాచిత్రాలు తీయవలెను. స్థానిక నామం, మొక్క నాటబడినదా లేక తానుగా మొలచినదా అను వివరం తప్పక వ్రాయవలెను. పాత ఇంటి ఆవరణలో, కంచె వరుసలో నిలిచిన మొక్కను సహజంగా వ్యాపించినదిగా పరిగణించరాదు. పుష్పం లభించని నమూనాను ప్రజాతి స్థాయిలోనే నిలిపి, పుష్పించిన తరువాత జాతిని నిర్ణయించడం శాస్త్రీయమైన పద్ధతి.