పాత ఫైబర్ బోటులో నిలిచిన నీరు



ఫైబర్‌గ్లాస్ మోటారు బోట్లలో నీరు నిలిచిపోవడం వాటిని కట్టిన పద్ధతిలోనే పుట్టిన సమస్య. 1960 నుంచి 1980ల దాకా అమెరికాలో తయారైన చిన్న బోట్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కొనేవాళ్లు ఇంజను నడిపించి చూస్తారు, సీట్లు చూస్తారు, రంగు చూస్తారు. గాజునార, రెసిన్ కలిపి పోతపోసిన పై చిప్ప అంత త్వరగా చెడదు కాబట్టి బోటు గట్టిగానే కనిపిస్తుంది. చెడేవి ఆ చిప్ప మాటున దాగిన ప్లైవుడ్, ఫోమ్. పాత బోటు కొత్తగా చేతికొచ్చిన యువకుడు ముందు తేల్చుకోవలసింది ఒకటే: లోపలికి చేరిన నీరు ఏ దారిన పోవాలని కట్టినవాళ్లు అనుకున్నారు, ఆ దారి ఇప్పుడు తెరిచి ఉందా?

సాధారణ బోటులో అడుగు చిప్ప మీద పొడుగునా ప్లైవుడ్ దూలాలు ఉంటాయి. వీటినే స్ట్రింగర్లు అంటారు. వాటికి గాజునార పొర చుట్టి, పైన డెక్కు పరుస్తారు. వెనకవైపు ఇంజను బిగించే గోడ ట్రాన్సమ్. అందులోనూ ప్లైవుడ్డే. డెక్కుకీ అడుగుకీ మధ్య ఖాళీలో పాలీయురెథేన్ ఫోమ్ పోస్తారు. 1971లో అమెరికాలో ఫెడరల్ బోట్ సేఫ్టీ చట్టం వచ్చాక, 20 అడుగుల లోపు మోటారు బోట్లు చాలావాటికి నీళ్లు నిండినా మునిగిపోకుండా ఉండే ఏర్పాటు తప్పనిసరి అయింది. ప్రాణాలు కాపాడే నిబంధన అది, అందులో తప్పేమీ లేదు. తప్పంతా ఫోమ్ పోసిన తీరులో జరిగింది. డెక్కు కింద పొంగిన ఫోమ్ ఖాళీతో పాటు నీటి దారులను కూడా కమ్మేసింది.

ఆ దారులు స్ట్రింగర్ల అడుగున వదిలిన చిన్న బెజ్జాలు. పక్కల చేరిన నీరు వాటిగుండా నడిమి కాలువలోకి, అక్కడినుంచి వెనకనున్న అడుగు గుంటలోకి రావాలి. ట్రాన్సమ్ అట్టడుగున ఉన్న తూముకు బిరడా తీస్తే బయటికి పోవాలి. నీరు పల్లమెరుగు, నిజమే. కానీ పల్లానికి వెళ్లే బెజ్జంలో ఫోమ్ పొంగినా, ఎండాకులో, గాలం దారమో, కార్ఖానాలో ఊడ్వకుండా వదిలేసిన రంపపు పొట్టో అడ్డం పడినా అది అక్కడే కూర్చుంటుంది. ఇంకో దోషం దీనికంటే పెద్దది. బెజ్జం కోసినప్పుడు బయటపడిన ప్లైవుడ్ అంచుకు చాలా బోట్లలో రెసిన్ పూయలేదు. నీటిని పంపడానికి పెట్టిన దారే చెక్కకు నీళ్లు తాగించే దారి అయింది. స్ట్రింగర్ కుళ్లు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. వంగే తీగ దూర్చి పూడిక తీయడం మొదటి పని. చెక్క గట్టిగానే ఉంటే, బాగా ఆరనిచ్చి, బెజ్జాన్ని పెద్దది చేసి, అందులో పీవీసీ గొట్టం ముక్కను చిక్కటి ఎపాక్సీతో అతికించాలి. గొట్టం అడుగు అంచు చిప్పతో సమంగా ఉండేలా చూడాలి. అరంగుళం ఎత్తున అతికితే అరంగుళం నీరు అక్కడ శాశ్వతంగా ఉండిపోతుంది.

బోస్టన్ వేలర్ బోట్ల సంగతి వేరు. డిక్ ఫిషర్ 1958లో 13 అడుగుల బోటుతో ప్రవేశపెట్టిన ఈ నిర్మాణంలో లోపలి చిప్ప, బయటి చిప్ప, రెండింటి మధ్యా సందు లేకుండా ఫోమ్ ఉంటాయి. 1961లో లైఫ్ పత్రిక, ఫిషర్ కూర్చుని ఉండగానే బోటును రంపంతో రెండుగా కోస్తున్న ఫొటోలు వేసింది. కోసినా బోటు మునగలేదు. తేలడంలో ఈ పద్ధతికి పేరు పెట్టడానికి లేదు. అయితే ఫోమ్‌లోకి నీరంటూ చేరితే పోవడానికి కాలువ లేదు. నీరు చేరేది ఎక్కువగా రెండు చోట్ల: సామాను మార్చినప్పుడు మూయకుండా వదిలేసిన స్క్రూ బెజ్జాలు, ఇత్తడి తూము గొట్టాలు. ఈ గొట్టం లోపలి చిప్పనుంచి బయటి చిప్ప దాకా ఫోమ్‌ను దాటుకుంటూ పోతుంది. రెండు చివరలా దాని అంచు బయటికి మడిచి ఉంటుంది. ఏళ్ల తరబడి ఉప్పునీరు తగిలితే ఇత్తడిలోని జింకు పోయి అంచు పెళుసెక్కుతుంది, సన్నగా చీలుతుంది. చూడటానికి గొట్టం బాగానే ఉంటుంది, నీరు మాత్రం పక్కకు దిగుతూ ఉంటుంది. దీని పరీక్ష సులువు. బోటు ట్రెయిలర్ మీద ఉండగా బయటి చివర రబ్బరు బిరడా బిగించి, అంచుదాకా నీళ్లు పోసి ఒక రాత్రి వదలాలి. బిరడా దగ్గర చుక్క కారకుండానే మట్టం దిగితే ఆ నీరు ఫోమ్‌లోకి పోయినట్టే. అప్పుడు అంచును డ్రిల్లుతో కోసి పాత గొట్టం లాగేయాలి. బెజ్జం లోపల ఆరాక ఎపాక్సీ పూసి, రబ్బరు రింగుతో కొత్త గొట్టం దూర్చి, అంచు మడిచే పనిముట్టుతో నెమ్మదిగా మడవాలి. తొందరపడి గట్టిగా కొడితే కొత్త అంచు కూడా చీలుతుంది.

ఫోమ్ ఎంత తడిసిందో తేల్చేది బరువు. బోటును ట్రెయిలర్‌తో సహా వే బ్రిడ్జి మీద తూచి, ఖాళీ ట్రెయిలర్, ఇంజను, బ్యాటరీ, పెట్రోలు బరువులు తీసేసి, మిగిలినదాన్ని కంపెనీ చెప్పిన బరువుతో పోల్చాలి. ఘనపుటడుగు ఫోమ్ సాధారణంగా కిలో దాకా తూగుతుంది. అంతే చోటు పట్టే నీరు 28 కిలోలు. పది ఘనపుటడుగుల ఫోమ్‌లో సగం చోటు నీటితో నిండితే 140 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు ఎప్పటికీ దిగకుండా బోటులో కూర్చున్నట్టు. తేమ మీటరు ఒక్కదాన్నే నమ్మడం మంచిది కాదు. పైపై తడిని, లోహం కలిసిన రంగును కూడా అది తేమగానే చూపిస్తుంది. ట్రాన్సమ్ విషయంలో కింద ఉన్న స్క్రూ ఒకటి విప్పి చూస్తే చాలు. టీ డికాషన్ రంగు నీరు కారితే లోపలి చెక్క కుళ్లుతోంది. అనుమానం తీరకపోతే లోపలివైపు నుంచి సన్న డ్రిల్లు వేసి పొట్టు చేతిలోకి తీసుకోవాలి. పొడిగా, లేత రంగులో రాలితే మంచి చెక్క. నల్లగా, మెత్తగా, వేలికి అంటుకుంటే కాదు.

తడిసిన ఫోమ్‌ను ఆరబెట్టవచ్చన్న ఆశ ఎందరి కాలాన్నో తినేసింది. అడుగున బెజ్జాలు చేసి ఫ్యాన్లు, హీటర్లు పెడతారు. కొన్నాళ్లు నీరు కారుతుంది, తర్వాత ఆగుతుంది, తూస్తే బరువు పెద్దగా తగ్గదు. ఈ ఫోమ్‌లోని గదులు మూసి ఉంటాయి. వాటిలోకి నీరు ఏళ్ల మీద చేరింది, వచ్చినంత నిదానంగానే పోతుంది. స్క్రూ బెజ్జం చుట్టూ గుప్పెడు మేర తడిస్తే ఆరుతుంది, డెక్కు కిందంతా తడిస్తే తవ్వి తీయడమే దారి. డెక్కును అంచులకు రెండంగుళాలు ఇవతలగా కోస్తే, తిరిగి కూర్చోబెట్టడానికి ఆ అంచు ఆనుగా పనికొస్తుంది. ఫోమ్‌ను పారతో తవ్వి, స్ట్రింగర్లను సుత్తితో తట్టి చూసి, చెడినవి మార్చాలి. గాజునారను గ్రైండ్ చేసే సమయంలో మంచి మాస్కు, నిండు చేతుల బట్టలు లేకుండా ఒక్క నిమిషం కూడా పని చేయకూడదు. పాత పొరమీద కొత్త పొర వేయడానికి పాలియెస్టర్ రెసిన్ కంటే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది.

కొత్త ఫోమ్ పోయడానికి ముందే నీటి దారి వేయాలి. నడిమి కాలువమీద సగానికి చీల్చిన పీవీసీ గొట్టాన్ని బోర్లించి, ముక్కునుంచి వెనక గుంటదాకా వాటం చూసుకుని అతికించాలి. ఫోమ్ ఎంత పొంగినా ఆ కాలువ మిగులుతుంది. రెండు ద్రవాలు కలిపే ఫోమ్‌ను వెచ్చటి రోజున, కొద్దికొద్దిగా పోయాలి. ఒకేసారి ఎక్కువ పోస్తే లోపల వేడెక్కిపోతుంది, మూసిన చోట అయితే డెక్కునే పైకి ఎత్తేస్తుంది.

ఇక నీరు వచ్చే దారులు. డెక్కు మీద బిగించే ప్రతి స్క్రూకు పెద్ద బెజ్జం చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులోనే చిన్న బెజ్జం చేస్తే స్క్రూ చెక్కను తాకదు. తర్వాత విప్పవలసిన సామాను కింద బ్యూటైల్ టేపు చాలు. శాశ్వతంగా అంటుకునే జిగురు అక్కడ వాడితే విప్పేటప్పుడు పై పొర ఊడొస్తుంది.

డెక్కుమీది నీరు బయటికి పోయే తూములు కూడా పాత బోట్లలో ఎదురు తిరుగుతాయి. టూ-స్ట్రోక్ ఇంజనుకు తగ్గట్టు కట్టిన బోటుకు అంతకంటే బరువైన ఫోర్-స్ట్రోక్ ఇంజను బిగిస్తారు, వెనకే రెండో బ్యాటరీ పెడతారు. వెనకభాగం కుంగి తూములు నీటిమట్టం కిందికి దిగుతాయి. అప్పుడు తూముకు వాల్వు బిగించేకంటే బ్యాటరీని ముందుకు జరపడం మేలు.

అడుగు గుంటలో నీటిని తోడే పంపు మీద గంటకు 500 గాలన్లు, అంటే సుమారు 1,900 లీటర్లు అని రాసి ఉన్నా అది నీటిని పైకి ఎత్తనక్కరలేనప్పటి లెక్క. మెలికలున్న గొట్టం, తగ్గిన బ్యాటరీ కలిస్తే అందులో సగం కూడా రాకపోవచ్చు. ఆపగానే గొట్టంలోని నీరు వెనక్కి దిగుతుంది కాబట్టి చివరి లీటరును పంపు ఎప్పుడూ తీయలేదు. అది తూము గుండానే పోవాలి. ఒడ్డున ఉంచినప్పుడు ముక్కు ఎత్తి, బిరడా తీసి, గాలి ఆడేలా కప్పాలి. అమెరికా ఉత్తరాది చలికాలంలో ఇది మరీ ముఖ్యం. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బి, ఫోమ్‌ను చిప్పనుంచి విడదీస్తుంది. తీసిన బిరడాను ఇంజను తాళంచెవికి కట్టి ఉంచితే, మళ్లీ నీటిలో దించే ముందు బిగించడం మరిచిపోరు.