కోచ్ గారి అలసటను కూడా గమనించండి

2016 ఆగస్టు 22న పి.వి. సింధు రియో ఒలింపిక్స్ రజత పతకంతో శంషాబాద్ విమానాశ్రయంలో దిగారు. గచ్చిబౌలి వరకు సాగిన ఊరేగింపును మీలో చాలామంది చూసే ఉంటారు. పైకప్పు లేని ఆ బస్సు మీద ఆమె పక్కన కోచ్ పుల్లెల గోపీచంద్ గారు ఉన్నారు. పోటీలకు ముందు మూడు నెలలపాటు ఆమెకు ఫోను లేకుండా చేసింది ఆయనే. ఐస్‌క్రీము, తీపి పెరుగు వద్దన్నదీ ఆయనే. అభిమానించే పిల్లకు కాదని చెప్పడం, ఆమె చిన్నబుచ్చుకున్నా మాట మార్చకపోవడం కూడా శ్రమే. చెమట కనబడదు గనుక మనం దాన్ని లెక్కలో వేయము.

2014లో సైనా నెహ్వాల్ ఆయన అకాడమీ వదిలి బెంగుళూరులో విమల్ కుమార్ గారి దగ్గర శిక్షణకు వెళ్లారు. క్రీడాకారిణి మార్పు కోరుకోవడం తప్పేమీ కాదు. కానీ వెళ్లవద్దని బతిమాలానని, దగ్గరి మనిషి దూరమైనంత బాధ కలిగిందని గోపీచంద్ గారు చెప్పిన సంగతి 2020లో అచ్చయిన ఒక పుస్తకంలో ఉంది. 2017లో ఆమె తిరిగి వచ్చారు. ఆ మధ్యకాలంలోనూ ఆయన మిగిలిన పిల్లలకు నేర్పుతూనే ఉన్నారు.

మన బడుల్లోని డ్రిల్లు సార్లకు, సెలవుల్లో కబడ్డీ, క్రికెట్ నేర్పే యువకులకు బస్సులూ పూలదండలూ ఉండవు. జట్టు ఓడితే పిల్లల్ని ఓదార్చాలి. ఎంపిక కాని పిల్లవాడి తల్లికి జవాబు చెప్పాలి. ఇల్లు చేరేసరికి సొంత బిడ్డలు నిద్రపోయి ఉంటారు. ఇదంతా లోపలే దాచుకుంటే నిద్ర పట్టదు, తలనొప్పి వస్తుంది, చిన్న మాటకే కసురుకుంటారు, మైదానం పేరెత్తితేనే విసుగు పుడుతుంది. పనివల్ల కలిగే ఇలాంటి తీవ్ర అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో చేర్చింది, అయితే జబ్బు అనలేదు. (మా నర్సులకు ఇది పాత పరిచయమే!)

ఈ లక్షణాలు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరు గారిని కలవండి, బి.పి. చూపించుకోండి. ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకొని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి రండి. మనసు మరీ బరువైతే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆట ముగిసిన వెంటనే గేటు దగ్గర కోచ్‌ను నిలదీయకండి, మర్నాడు నెమ్మదిగా అడగండి. పిల్లను వేరే చోట చేర్పించాలనుకుంటే చెప్పాపెట్టకుండా మానిపించవద్దు. ఆమెను వెంటబెట్టుకొని వెళ్లి, మీ నోటితోనే ఆయనకు చెప్పండి.