క్వార్టరు పెరట్లో పొట్టి చెట్లు

మన ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వెనక పెరడు చిన్నది. నేల ఎర్ర మొరం, ఎండాకాలంలో పలుగు దిగదు. పైగా కొన్నేళ్లకోసారి నాన్నగారికి బదిలీ. మరి చెట్టు ఎవరి కోసం నాటాలి?

టెంక నుంచి మొలిచిన మామిడి కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అంటు మొక్కయితే మూడు నాలుగేళ్లకే కాస్తుంది. ఇక్కడి నర్సరీలో ‘కొలొమ్’ అని అడగండి, బెంగాలీలో అంటుకు అదే మాట.

మామిడిని మామూలుగా 10 మీటర్ల ఎడంలో నాటుతారు. అంటే హెక్టారుకు 100 చెట్లు. దశేరి, నీలం రకాలను సంకరం చేసి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారు చేసిన ఆమ్రపాలి పొట్టి రకం. దానికి 2.5 మీటర్ల ఎడం చాలు. అప్పుడు హెక్టారుకు ఎన్ని చెట్లు? 10,000ను 2.5×2.5తో భాగించండి, 1600 వస్తుంది. మన పెరట్లో రెండు పట్టినా గొప్పే!

జామ ఇంకా నయం. పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది కనుక కొసలు కత్తిరిస్తే కొత్త రెమ్మలు, వాటికి కాయలు. మామిడి అలా కాదు, ముదిరిన రెమ్మ కొసనే పూస్తుంది. అందుకే కాయలు దించగానే, వానల్లోనే కత్తిరించాలి. మేము తెలియక ఒకసారి డిసెంబరులో కత్తెర పెట్టాము. ఆ ఏడు పూత లేదు.

క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఏ చెట్టు ఏ రకమో, ఎప్పుడు కత్తిరించారో రాసిన కాగితం కొత్తవాళ్లకు ఇవ్వండి. మా పెరటి జామను మాకు ముందున్నవాళ్లు నాటారు. అది ఏ రకమో మాకిప్పటికీ తెలియదు.