పాదులోకి చీపురు రానీకు చెల్లీ

పొద్దున బిందెలకు బిందెలు పోస్తున్నా మధ్యాహ్నానికల్లా వంగ ఆకులు వేలాడిపోతున్నాయని బాధపడుతున్నావు కదా చెల్లీ. అనంతపురంలో ఎర్రమట్టి పెరడు, పైగా ఏప్రిల్ ఎండ. వేలాడక ఏం చేస్తాయి? ఏడాది పొడుగునా మన జిల్లాలో పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించేసుకుంటాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి కోస్తా దాటి మన దాకా చేరేసరికి వాటిలో మిగిలేది అంతంతే. ఇలాంటి తావులో కాపురం చేస్తూ నీళ్లు ఇంకో బిందె పెంచాలా అని అడుగుతున్నావు. బిందె సంగతి తర్వాత. ముందు నీ పాదు ఎలా ఉందో చూద్దాం.

చూడకుండానే చెప్పగలను. ఒక్క ఆకు లేకుండా ఊడ్చేసి ఉంటుంది. రాలిన వేపాకు, కానుగాకు గోడవార పోగేసి అగ్గిపుల్ల గీసి ఉంటావు. నిన్ను తప్పుపట్టను. వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెడితేనే ఇల్లు ఇల్లులా ఉంటుందని మన అమ్మలు నేర్పారు. వాకిటి వరకు అది బంగారం లాంటి అలవాటే. పాదుకు మాత్రం ఆ శుభ్రం గిట్టదు. మూత తీసేసిన గిన్నెలో చారు ఎలా ఇగిరిపోతుందో నీకు నేను చెప్పాలా? బోసి నేల పరిస్థితీ అంతే. దానికి తోడు ఎర్రమట్టి నీళ్లు పడి ఆరిందంటే పైన పెచ్చు కడుతుంది. మర్నాడు పోసిన నీళ్లు లోపలికి దిగకుండా ఆ పెచ్చు మీద నుంచి పక్కకు జారిపోతాయి.

అందుకే మల్చింగ్ చెయ్యమంటాను. నేల మీద ఆకో, గడ్డో, పొట్టో కప్పితే ఎండ మట్టికి నేరుగా తగలదు. గాలి తడిని ఎత్తుకుపోదు. వెలుతురు అందక కలుపు కూడా తగ్గుతుంది. కింద మట్టి గుల్లగా ఉండి వానపాములు పైకి వస్తాయి. టమాటా వేసుకున్నదానివైతే ఇంకో లాభం: నీళ్లు పోసినప్పుడు మట్టి చింది అడుగు ఆకులకు అంటడం తగ్గుతుంది, దాంతో మచ్చల తెగుళ్లూ తగ్గుతాయి. తడి ఒక్కలా నిలుస్తుంది కాబట్టి కాయలు పగలడం కూడా తగ్గుతుంది.

నాకు చిరాకు తెప్పించేది ఇంకోటుంది. వేప ఆకు రాల్చేది ఎప్పుడు? మాఘం, ఫాల్గుణంలో. అంటే ఎండలు ముదరబోయే ముందు చెట్టే పైసా అడక్కుండా సరుకు దించిపోతోంది. మనం దాన్ని తగలబెట్టి, పొగ పీల్చి, మే నెలలో నీళ్ల ట్యాంకర్‌కు డబ్బులు లెక్కపెడుతున్నాం!

సరే, ఎలా వెయ్యాలో చెప్తా విను. ఎండిన మట్టి మీద ఎప్పుడూ కప్పకు. కప్పావంటే లోపలికి తడి దిగకుండా నువ్వే అడ్డం పెట్టినట్టు. ముందు పాదు కాస్త గుల్ల చేసి, నిండా తడిపి, ఆ తర్వాత కప్పాలి. ఎండుటాకులైతే మూడు నాలుగు అంగుళాలు వెయ్యి, అవి ఎలాగూ అణిగిపోతాయి. శెనక్కాయ పొట్టు రెండు అంగుళాలు చాలు. కాండం చుట్టూ మాత్రం మూడు వేళ్ల వెడల్పు ఖాళీ వదులు. మొదలును ఆనించి తడి చెత్త పేరిస్తే కుళ్లు పడుతుంది, చెదలకూ దారి దొరుకుతుంది. మేడ మీద గ్రోబ్యాగులు ఉంటే పైన మూడు అంగుళాలు మట్టి తక్కువ నింపు, కప్పుకు చోటుంటుంది. తోటకూర, మెంతికూర చల్లిన మడికి మాత్రం మొలకలు జానెడు ఎదిగేదాకా వెయ్యకు.

కప్పాక పాత లెక్కన రోజూ నీళ్లు గుమ్మరిస్తే వేళ్లు కుళ్లుతాయి. కప్పు పక్కకు జరిపి వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడు. తడి తగిలితే బిందె దించేసెయ్. డ్రిప్ పైపు ఉంటే కప్పు కిందికి తోసెయ్.

మన ఎండ ప్రాంతంలో ఓ చిక్కు ఉంది, చాలామంది చెప్పరు. చదరపు మీటరు నేల మీద 2 మిల్లీమీటర్ల జల్లు పడితే వచ్చేది రెండే లీటర్ల నీళ్లు. మందంగా పరిచిన గడ్డి ఆ కాసిన్ని నీళ్లూ తానే పీల్చుకుంటుంది, వేళ్లకు చుక్క దక్కదు. కాబట్టి ఆరు అంగుళాలు, అడుగు ఎత్తు వేస్తే ఇంకా మంచిదనుకోకు. చినుకు పడింది కదా అని ఆ రోజు నీళ్లు మానెయ్యకు.

చెదల భయం ఉందన్నావు. అవి ఎక్కువగా తినేది ఎండు సరుకునే, కానీ తిండి కరువైతే గులాబీ మొదలు మీదా పడతాయి. కర్రముక్కలు, చెక్క పేళ్లు వాడకు. పిడికెడు వేపపిండి చల్లు. ఇంటి గోడకు ఆనించి కప్పు వెయ్యొద్దు. తేళ్లు, జెర్రులు చల్లటి చోటే వెతుక్కుంటాయి కనుక చేత్తో ఎత్తకు, కర్రతో కదిపి చూడు. పిల్లలకు కూడా చెప్పి ఉంచు.

ఏది వెయ్యాలంటావా? వేప, కానుగ, చింతాకు బ్రహ్మాండం. వరిగడ్డి మంచిదే, కాకపోతే తాలు గింజల మధ్య మిగిలిన నాలుగు వడ్లు మొలుస్తాయి, ఎలుకలూ వస్తాయి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, నానబెట్టి రెండు మూడు సార్లు కడగాలి. పచ్చి రంపపుపొట్టు మట్టిలో కలిపావంటే అది కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుని మొక్క పసుపెక్కుతుంది. నీలగిరి ఆకు వద్దు. వయ్యారిభామను పూత రాకముందే పీకి వెయ్యొచ్చు గానీ ఒంటికి పడనివాళ్లకు దురదలు వస్తాయి, నేనైతే దాని జోలికి పోను. పొలాల్లో టమాటాకు, పుచ్చకు పరిచే ప్లాస్టిక్ షీటు పెరటికి తెచ్చుకోకు. చిరిగిన ముక్కలు ఏళ్ల తరబడి మట్టిలోంచి వస్తూనే ఉంటాయి.

మీ అత్తగారు "పెరట్లో చెత్త పోసింది" అంటుందని కదా అసలు దిగులు? పాలేకర్ చెప్పే ప్రకృతి వ్యవసాయంలో బీజామృతం, జీవామృతం, వాఫసతో సమానంగా ఆచ్ఛాదననూ, అంటే ఈ కప్పునూ లెక్కేస్తారు. మన సీమలోనే కొందరు రైతులు వానలకు ముందే నవధాన్యాలు చల్లి పైన పంట చెత్త కప్పుతున్నారు. ఇవన్నీ ఆవిడకు వల్లించకు, ఉపన్యాసంలా ఉంటుంది. రెండు వంగ పాదులకు కప్పి, రెండు వదిలెయ్. సాయంత్రం నీళ్లు పోసే పని ఆవిడకే అప్పగించు.

శెనక్కాయ మిల్లుకు వెళ్లేటప్పుడు గోనెసంచులు నువ్వే పట్టుకుపో. ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ పొట్టు బాగా అమ్ముడుపోతోంది కాబట్టి ఇదివరకులా ఊరికే ఇవ్వకపోవచ్చు. బేరం ఆడు. తెచ్చాక ఓసారి జల్లెడ పట్టు, పొట్టులో మిగిలిన గింజల కోసం ఉడతలు నీ పాదులన్నీ గీకి పారేస్తాయి.