ఉచితంగా దొరికే ఇంగ్లీషు పాఠాలు – మన పిల్లల దాకా చేరేదెలా?

మన పిల్లలకు ఇంగ్లీషు రెండో భాష అని బోధనా శాస్త్రం పుస్తకాలు చెబుతాయి. లెక్కపెట్టి చూస్తే చాలామందికి అది నాలుగోది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, మక్తబ్‌లో అరబీ, బడిలో ఇంగ్లీషు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో ఇంటి భాషే తెలుగు కనుక అక్కడ ఈ వరుస కొంత మారుతుంది. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకే పాఠం ఒక పేజీలో తెలుగులో, ఎదుటి పేజీలో ఇంగ్లీషులో ఉండే పుస్తకాలు వచ్చాయి. అంటే ఇంగ్లీషు ఇప్పుడు ఒక సబ్జెక్టుతో అయిపోవడం లేదు. లెక్కలు, సైన్సు కూడా దానిలోనే చదవాలి.

పదో తరగతి దాకా గైడు బట్టీ పట్టి గట్టెక్కిన పిల్లలు ఇంటర్ మొదటి ఏడాదిలో చిక్కుకుంటారు. లెక్చరర్ మాట చెవిన పడుతుంది, బుర్రకెక్కదు. లేచి అడగడానికి నోరు రాదు. మగపిల్లవాడైతే ఏదో ఒక పనిలో చేరిపోతాడు. ఆడపిల్ల అయితే "నాకు చదువు ఇష్టం లేదు" అంటుంది, ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఆ అయిష్టం చదువు మీద కాదని, అర్థం కాని భాష మీదని ఎవరికీ తట్టదు. ఇలాంటి పిల్లలను ఏటా చూస్తున్నాం కనుకనే దాతల ముందు ఈ నాలుగు మాటలు పెడుతున్నాం.

పిల్లలకు డబ్బు కట్టి వాడే యాప్‌లు కొనిపెడదామని కొందరు పెద్దలు అంటున్నారు. నియ్యత్ మంచిదే. కానీ పాఠాలకు కరువు లేదు. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో '6 మినిట్ ఇంగ్లీష్' అనే కార్యక్రమం ఉంది. ఇద్దరు మాట్లాడుకుంటారు, మొదట్లో ఒక ప్రశ్న వేసి చివర్లో జవాబు చెబుతారు, మధ్యలో కొత్త మాటలు కొన్ని వివరిస్తారు. మాట్లాడిందంతా అక్షరాల్లో కూడా దొరుకుతుంది, ప్రింటు తీసుకోవచ్చు. ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఆరో తరగతి వాళ్లకు పెడితే మాత్రం బెదిరిపోతారు. చిన్నవాళ్లకు బ్రిటిష్ కౌన్సిల్ వారి 'లెర్న్‌ఇంగ్లీష్ కిడ్స్'లో పాటలు, కథలు ఉన్నాయి. కేంబ్రిడ్జ్ డిక్షనరీలో మాట పక్కన స్పీకర్ బొమ్మ నొక్కితే బ్రిటన్ వాళ్లు ఎలా పలుకుతారో, అమెరికా వాళ్లు ఎలా పలుకుతారో రెండూ వినిపిస్తుంది. ఇవన్నీ ఉచితం.

మాకు అన్నిటికంటే నచ్చింది ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్. ఇందులోని బొమ్మల కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి. చాలా కథలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ దొరుకుతాయి, ఉర్దూలోనూ కొన్ని ఉన్నాయి. పేరు, లైసెన్సు వివరాలు తీసేయకుండా ఎవరైనా ప్రింటు వేసి పంచుకోవచ్చు, దొంగ కాపీ అనే భయం లేదు. ఇంటి భాషలో కథ తెలిసిన పిల్లకు అదే కథ ఇంగ్లీషులో ఇస్తే తెలియని మాటను తనే ఊహించి పట్టుకుంటుంది.

ఇక ఉచ్చారణ సంగతి. మన పిల్లలు 'స్కూల్'ను 'ఇస్కూల్' అంటారు, 'స్టేషన్'ను 'ఇస్టేషన్' అంటారు. ఉర్దూలో మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం అలవాటు లేకపోవడం వల్ల వచ్చేది ఇది. దీనికి నవ్వేవాళ్లే ఎక్కువ. కానీ మన పిల్లల దగ్గర ఉన్న బలం ఎవరూ చూడరు. ఇంగ్లీషు 'థింక్'లో మొదటి ధ్వని తెలుగు 'థ' కాదు. నాలుక కొసను పై పళ్ల అంచుకు ఆనించి గాలి వదలాలి. అరబీ నాలుగో అక్షరం 'సా'కు తజ్వీద్ నేర్పే ఉస్తాద్ చెప్పే మఖ్రజ్ సరిగ్గా ఇదే. 'దిస్'లోని మొదటి ధ్వని తొమ్మిదో అక్షరం 'జాల్'. 'వెస్ట్', 'వెస్ట్' అని మనం ఒకేలా పలికే రెండు మాటల్లో, పడమర అనే దానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, అది అరబీ 'వావ్'. లోపల తొడుక్కునే దానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి, అది 'ఫా' చోటే, గొంతు కలిపితే చాలు. ఈ మాట చెబితే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఇంగ్లీషు టీచర్లమైన మేము ఉస్తాద్‌ల దగ్గర కాసేపు కూర్చోవడం మంచిది.

ఉస్తాద్ ఖిరాత్ నేర్పేటప్పుడు తాను పలుకుతారు, పిల్లవాడు తిరిగి పలుకుతాడు, ఆయన విని దిద్దుతారు. ఖారీల రికార్డులు ఫోన్లో ఎన్ని ఉన్నా ఆ వినే చెవి లేకుండా ఎవరికీ తజ్వీద్ రాలేదు. ఇంగ్లీషుకూ అంతే. యాప్ వినిపిస్తుంది, పిల్లను కూర్చోబెట్టి వినదు. ఈ మధ్య కొన్ని యాప్‌లు వింటున్నాయి కానీ "అమ్మా, మళ్లీ అను" అని ఓపిగ్గా అడిగేవాళ్లు వేరు.

పైగా ఫోన్ ఎక్కడుంది? పొద్దున నాన్న జేబులో వెళ్లి ఇషా తర్వాత ఇంటికి వస్తుంది. అప్పుడు ముందు అన్న చేతికి, చివర చెల్లెలి చేతికి. అప్పటికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. ఇంటింటికీ యాప్ కొనిపెట్టినా లాభపడేది ఫోన్ చేతిలో ఉన్న పిల్లవాడే.

కాబట్టి మేము కోరేది వేరు. సొసైటీ గదిలో అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య ఒక గంట. ఒక ట్యాబ్, ఒక చిన్న స్పీకర్, ఎనిమిది మంది ఆడపిల్లలు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఒక ఆపా. పాఠం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మొదటిసారి కాగితం చూడకుండా వినాలి, రెండోసారి కాగితం మీద వేలు పెట్టుకుని వినాలి, ఆ తర్వాత తలా ఒక వాక్యం చదివి ఫోన్లో రికార్డు చేసుకోవాలి. నెల తర్వాత ఆ పాత రికార్డు వినిపిస్తే తేడా ఆ పిల్లకే తెలుస్తుంది. ప్రశ్న అడగడం కూడా ఇక్కడే అలవాటు కావాలి.

కొత్తగా వచ్చిన చాట్‌బాట్‌ల గురించి కొందరు అడిగారు. హోంవర్క్ అడిగితే తప్పు లేని ఇంగ్లీషులో రాసిచ్చేస్తుంది, కానీ దాన్ని రాసుకొచ్చిన పిల్లకే చదవడం రాదు. ముందు నాలుగు వాక్యాలు తానే రాసి, తప్పులు మాత్రమే చూపమని అడిగితే పనికొస్తుంది. అదీ ఆపా పక్కనుంటేనే.

ఖర్చులో పెద్ద భాగం ఆపాకు నెలనెలా ఇచ్చే గౌరవ వేతనం. చందా రాసేటప్పుడు దాతలు ట్యాబ్‌కు ముందుకొచ్చినట్టు దీనికి రారు, ఎందుకంటే దాని మీద పేరు రాసి ఫోటో తీసుకోవడానికి ఏమీ ఉండదు. అయినా ముందు కావాల్సింది అదే. పదో తరగతి పరీక్షలు ముగిశాక జూన్ దాకా పిల్లలకు తీరిక ఉంటుంది కనుక ఏప్రిల్‌లో మొదలుపెడితే బాగుంటుంది. వాడకుండా పక్కన పెట్టిన ట్యాబ్, స్పీకర్ ఇంట్లో ఉంటే అవీ తెచ్చి ఇవ్వవచ్చు. ఛార్జర్‌తో సహా ఇస్తే మేలు.