రక్తపోటు మందులు – గాయపు మచ్చలు

గోదావరిఖనిలో గని నుండి వచ్చిన పెద్దల ముంజేతులను గమనించినవారికి నీలిరంగు గీతలు కనిపిస్తాయి. గాయంలో చిక్కిన బొగ్గు ధూళి చర్మం క్రింద నిలిచిపోవటమే అందుకు కారణం. చూపునకు తప్ప అవి వేరు బాధ పెట్టవు. కాని కొందరిలో గాయం మానిన చోట మచ్చ గట్టిగా ఉబ్బి దురద, నొప్పి కలిగిస్తుంది. కాలిన గాయపు మచ్చ కీళ్ళపై బిగిసినట్లయితే వ్రేళ్ళు కదల్చటమే కష్టమవుతుంది. పార పట్టలేని చేతికి గనిలో పని ఏమున్నది?

ఉబ్బిన మచ్చలు రెండు విధాలు. గాయపు హద్దులోనే ఉండి కాలక్రమేణా కొంత అణగేది ఒకటి. హద్దు దాటి మంచి చర్మంలోనికి ప్రాకేది రెండవది. దీనిని కెలాయిడ్ అంటారు. పీత కాళ్ళవలె ప్రాకే తీరును చూచి 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు అలిబేర్ ఈ పేరు పెట్టాడు. చెవి కుట్టిన చోట, భుజం మీద, రొమ్ము ఎముకపై ఇది తరచుగా పుడుతుంది. కోసివేస్తే పోతుందనుకోవటం పొరపాటు. కోత ఒక్కటే చేస్తే చాలమందిలో తిరిగి వస్తుంది.

ఇక రక్తపోటు మందులకు దీనితో ఏమి సంబంధం? యాంజియోటెన్సిన్-2 అనే పదార్థం రక్తనాళాలను బిగించి రక్తపోటును పెంచుతుందని శరీరధర్మ శాస్త్రంలో చదువుకున్నాము. చర్మంలో కూడ దాని ప్రభావం ఉన్నది. అక్కడ అది ఫైబ్రోబ్లాస్టులనే కణాలను ప్రేరేపించి కొల్లాజెన్ పీచును నేయిస్తుంది. ఆ నేత ఆగవలసిన చోట ఆగకపోవటమే ఉబ్బు మచ్చ. కనుక ఆ పదార్థం తయారు కానీయని కాప్టోప్రిల్, ఎనలాప్రిల్, దాని పనిని అడ్డగించే లోసార్టన్ మచ్చను కూడ అణచగలవేమో అని పరిశోధకులు ఊహించారు. (కాప్టోప్రిల్‌కు దారి చూపినది బ్రెజిల్ దేశపు ఒక పాము విషమన్నది వేరే ముచ్చట.) ఎనలాప్రిల్ వాడిన ఇద్దరిలో ఉబ్బు మచ్చలు తగ్గినట్లు 2006లో ఇటలీ వైద్యులు వ్రాశారు, లోసార్టన్ లేపనంపై 2018లో ఇరాన్ నుండి ఒక చిన్న పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. వెరాపమిల్ దారి వేరు. అది కణంలోనికి కాల్షియం పోకుండా ఆపుతుంది; దానిని సూదితో మచ్చలోనికే ఎక్కిస్తారు. కొన్ని పరీక్షలలో అది స్టెరాయిడ్ సూదికి దీటుగా, మరికొన్నింటిలో తక్కువగా పనిచేసింది.

ఇవి ఇంకా పరీక్షల దశలోనివే. సిలికాన్ రేకు, ఒత్తిడి కట్టు, స్టెరాయిడ్ సూది నేటికీ ముందు వరుస చికిత్సలు. ఇంట్లో తండ్రిగారి మాత్రలున్నవి కదా అని అక్కగారి చెవి మచ్చకు ఇచ్చేవారుంటారని నా భయం. రక్తపోటు లేనివారు కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఎనలాప్రిల్, లోసార్టన్ వంటివి గర్భిణులు వాడితే గర్భస్థ శిశువు మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కాలిన గాయం మూడు వారాలైనా మానకపోతే ఉబ్బు మచ్చ వచ్చే అవకాశం ఎక్కువ. వైద్యుని వద్దకు వెళ్ళవలసినది అప్పుడే, మచ్చ గట్టిపడిన తరువాత కాదు.